పండిత రమాబాయి: విశ్వాసము, సంశయము

షోలాపురమునుండి పుణెకు రైలులో పోవువారికి దౌండు దాటిన పిమ్మట కేడ్‌గావ్ అను చిన్న స్టేషను తగులును. మగ్గములతోడను, మిల్లులతోడను బ్రదుకు ముడివడి తరతరములుగా షోలాపురమున స్థిరపడిన తెలుగువారికి ఆ మార్గము సుపరిచితమైనది. ఆ యూర ముక్తి మిషను అను సంస్థ కలదు. అనాథ స్త్రీలకును బాలికలకును ఆశ్రయమై యొక శతాబ్దమునకు పైగా నిలిచిన యీ సంస్థను స్థాపించినది పండిత రమాబాయి (1858-1922). ఆమె విద్వత్తును గూర్చియు, స్త్రీవిద్యకు ఆమె చేసిన సేవను గూర్చియు పలువురు వ్రాసియున్నారు. అయితే సామాన్య పాఠకుల దృష్టికి అంతగా రాని భాగ మొకటి ఆమె జీవితమున కలదు. క్రైస్తవ మతమును స్వీకరించిన పిదప ఆ మతమునందలి ముఖ్య సిద్ధాంతములను గూర్చి ఆమెకు సంశయములు కలిగెను. వానిని ఆమె దాచలేదు. వానిని నెపముగా పెట్టుకొని విశ్వాసమును విడువనులేదు. ఆ సంశయములను ఆమె నిర్వహించిన తీరును, ఆమె చుట్టు నున్నవారు వానిని గ్రహించిన తీరును పరిశీలించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

పరభాషా ప్రాంతములయందు నివసించువారి చరిత్రకు చోటిచ్చిన యీ సంపుటమున రమాబాయిని స్మరించుటకు మరియొక కారణమును కలదు. ఆమెయు అట్టి కుటుంబముననే పుట్టినది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మహారాష్ట్ర బ్రాహ్మణుడు. ఆయన పడమటి కనుమలలో, నేటి కర్ణాటకమునకు చెందిన గంగామూల యను అరణ్య ప్రదేశమున ఆశ్రమము కట్టుకొని శిష్యులకు సంస్కృతము చెప్పుచుండెను. ఇంటిభాష మరాఠీ, నేలభాష కన్నడము, చదువుభాష సంస్కృతము. ఇట్టి వాతావరణమున 1858 ఏప్రిలు 23వ తేదీన రమాబాయి జన్మించెను. స్త్రీకి సంస్కృతము చెప్పరాదను ఆచారమును త్రోసిపుచ్చి శాస్త్రి తన భార్య లక్ష్మీబాయికి విద్య గఱపెను. ఈ కార్యమునకై పండితులు ఆయనను నిలదీయగా ఉడుపిలో శాస్త్రప్రమాణములతో తన పక్షమును సమర్థించుకొనెను. తల్లి కుమార్తెకు చదువు చెప్పెను. ప్రశ్న వేయుట, ప్రమాణ మడుగుట, ఎదుటివారి పక్షమును విని బదులు చెప్పుట ఆ యింట పిల్లలకు ఉగ్గుబాలతో అబ్బిన అలవాట్లని చెప్పవచ్చును.

సంశయమును విశ్వాసమునకు శత్రువుగా తలచుట లోకమున సాధారణము. మన శాస్త్రకారుల యభిప్రాయము అంత సులువైనది కాదు. సంశయాత్మునికి సుఖము లేదని గీత హెచ్చరించినది. కాని న్యాయశాస్త్రము తన పదునారు పదార్థములలో ప్రమాణ ప్రమేయముల వెంటనే సంశయమునకు మూడవ స్థానము నొసగినది. సంశయము లేనిచో విచారణ లేదు. విచారణ లేనిచో నిర్ణయము లేదు. క్రైస్తవ సంప్రదాయమునను ఇట్టి యెరుక లేకపోలేదు. గురువు మృతులలోనుండి లేచెనని తోడి శిష్యులు చెప్పగా, గాయములను తాను చూచి తాకిననే గాని నమ్మనని తోమా యనుట యోహాను సువార్తలో కలదు. ఆ మాట యన్నందులకు తోడివారు ఆతనిని వెలివేయలేదు. ఎనిమిది దినములు గడచిన తరువాత ఆతడు వారి నడుమనే యుండెను. చెన్నపట్టణమునందలి పరంగిమలను, మైలాపురమును ఆ తోమా పేరుతో ముడిపెట్టు ఐతిహ్యము అక్కడి తెలుగువారెల్లరు ఎరిగినదే. సంశయించిన శిష్యుని పేర దేవాలయములు వెలసిన యీ మతమున సంశయించినవారికి అన్ని కాలములయందును ఆదరణ లభించినదా యను ప్రశ్నకు రమాబాయి జీవితము కొంత సమాధాన మిచ్చును.

ఆమె తొలి సంశయములు క్రైస్తవ మతమును గూర్చినవి కావు. రమాబాయి ఆరు నెలల పసిపాపగా నుండగనే కుటుంబము తీర్థాటనకు బయలుదేరెను. పుణ్యక్షేత్రములయందు పురాణ పఠనము చేయుచు, లభించిన దానితో జీవించుచు, మిగిలినది దానధర్మములకు వెచ్చించుచు వారు దేశమెల్ల తిరిగిరి. 1874 ప్రాంతమున దక్షిణ దేశమున క్షామము సంభవింపగా వారిచేతి ధనము కరగిపోయెను. తిరుపతి ప్రాంతపు అడవిలో 11 దినములు ఆకులతోడను నీటితోడను ప్రాణములు నిలుపుకొన్నట్లు రమాబాయి తరువాత వ్రాసికొనెను. ఆ క్షామముననే తండ్రి మరణించెను. కొలదికాలమునకే తల్లియు, అటుపై అక్కయు గతించిరి. రమాబాయియు, అన్న శ్రీనివాసుడును మిగిలిరి. శాస్త్రము చెప్పిన వ్రతములు, దానములు, జపములు తమ కుటుంబము లోపము లేకుండ ఆచరించెను గదా, ఫలమేమైన దని వారికి తోచెను. ఇది ఆకలి పుట్టించిన ప్రశ్న. దానినిబట్టి యొక మతము సత్యాసత్యములను నిర్ణయింపరాదు. కాని అడిగినవారి దుఃఖము సత్యమైనది గనుక, ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయుటయు తగదు.

1878లో అన్నాచెల్లెండ్రు కలకత్తా చేరిరి. అక్కడి విద్వాంసులు రమాబాయిని పరీక్షించి పండిత, సరస్వతి యను బిరుదములతో గౌరవించిరి. కేశవచంద్ర సేనుడు వేదప్రతి నొకదాని నిచ్చి చదువుమని ప్రోత్సహించెను. స్త్రీ వేదము చదువరాదను నమ్మకము అప్పటికింకను ఆమెను విడువలేదు. ఆ శంకను దాటి ఆమె చదివెను. స్త్రీధర్మములను గూర్చి ఉపన్యసించుటకై ధర్మశాస్త్రములను పరిశీలింపగా, స్త్రీలకు స్వయముగా మోక్షాధికారము లేదన్న భావము ఆమెను కలవరపెట్టెను. 1880లో శ్రీనివాసుడు మరణించెను. ఆ సంవత్సరమే ఆమె బిపిన్ బిహారీ దాస్ అను వంగదేశపు న్యాయవాదిని రిజిస్టరు పద్ధతిని వివాహమాడెను. భర్త పుస్తకములలో వంగభాషలోని లూకా సువార్త ఆమె కంటబడినది. 1882 ఫిబ్రవరిలో భర్తయు మరణింపగా, పసిబిడ్డయైన మనోరమతో ఆమె పుణె చేరి ఆర్య మహిళా సమాజమును స్థాపించెను. ఇరువది నాలుగేండ్లకే తలిదండ్రులను, అక్కను, అన్నను, భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఈమె. ఆమె వేసిన ప్రశ్నలు పుస్తక పాండిత్యమువలన మాత్రమే పుట్టినవి కావని గుర్తుంచుకొనవలెను.

వైద్యవిద్య నభ్యసించు కోర్కెతో 1883లో ఆమె ఇంగ్లండు ప్రయాణమాయెను. వాంటేజి పట్టణమునందలి ఆంగ్లికను సన్న్యాసినుల మఠము ఆమెకు ఆశ్రయ మిచ్చెను. వినికిడి లోపమువలన వైద్యవిద్య సాధ్యము కాలేదు. తోడుగా వచ్చిన ఆనందీబాయి భగత్ అను స్త్రీ ఆ పరాయి దేశమున మనోవ్యథకు లోనై ప్రాణము తీసికొనెను. ఇది రమాబాయిని మిక్కిలి క్రుంగదీసెను. లండను సమీపమున ఫుల్‌హాములో పతిత స్త్రీలకై మఠమువారు నడుపుచున్న ఆశ్రమమును ఆమె చూచెను. లోకము ఛీకొట్టిన స్త్రీలను చేరదీయు ఈ దయకు మూలమేమని యడుగగా, యోహాను సువార్తలోని సమరయ స్త్రీ వృత్తాంతమును వారు చదివి వినిపించిరి. మరియొక ప్రేరణము స్వదేశమునుండి వచ్చెను. నీలకంఠ గోరే అను మహారాష్ట్ర పండితుడు 1848లో క్రైస్తవుడై నెహెమ్యా గోరే యను పేరు వహించియుండెను. ఆయన వ్రాసిన లేఖలు ఆమె బుద్ధికి పట్టినవి. 1883 సెప్టెంబరు 29వ తేదీన రమాబాయియు, చిన్నారి మనోరమయు బాప్తిస్మము పొందిరి.

సాధారణముగా మతాంతరుల కథలు బాప్తిస్మముతో ముగియును. రమాబాయి విషయమున అసలు విచారణ అక్కడనే ప్రారంభమైనది. 1884లో ఆమె చెల్టెనాము మహిళా కళాశాలకు పోయి సంస్కృతము చెప్పుచు, ఆంగ్లమును ఇతర శాస్త్రములను నేర్చుకొనుచుండెను. అచ్చట బైబిలును స్వయముగా చదువుకొనుకొలది ఆమెకు ప్రశ్నలు పుట్టినవి. క్రీస్తునందు విశ్వాసము కలదు. దేవుడొక్కడే యను నిశ్చయము కలదు. కాని తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ యని ముగ్గురు వ్యక్తులుగా నుండి ఒకే దేవుడగుట యను త్రిత్వ సిద్ధాంతము ఆమె మనస్సున కెక్కలేదు. క్రీస్తు దైవత్వమును సంఘము చెప్పిన మాటలలో అంగీకరింపజాలకపోయెను.

అన్నిటికంటె ఆమెను బాధించినది అథనేషియసు పేర ప్రసిద్ధమైన విశ్వాస ప్రమాణము. త్రిత్వమును ఆ ప్రమాణము నిర్వచించిన చొప్పున నమ్మనివారు నశింతురని అందు స్పష్టముగా నున్నది. ఆంగ్లికను ప్రార్థన గ్రంథము దానిని సంవత్సరమునకు 13 పర్వదినములయందు పఠింప విధించినది. బైబిలులో ఈ నిర్వచనమును ఎక్కడను చూడనైతిననియు, బాప్తిస్మమునకు ఇది యావశ్యకమని క్రీస్తు చెప్పలేదనియు, మనుష్యులు కూర్చిన వాక్యములకు దైవవాక్యముతో సమానమగు అధికార మీజాలననియు ఆమె వాదించెను. ఈ ప్రశ్న పరదేశి స్త్రీ వేసిన వింత ప్రశ్న కాదు. ఆ ప్రమాణమును గూర్చి ఇంగ్లండునందే పెద్ద వివాదము చెలరేగి, 1873లో కాంటర్బరీ ధర్మసభ దానికి వివరణగా ఒక ప్రకటన చేయవలసి వచ్చెను. ఆంగ్లేయ పండితులు తమలో తాము చర్చించుకొన్న దానినే రమాబాయి అడిగినపుడు అది అహంకారమనిపించుకొనుట గమనింపదగినది.

మఠమున ఆమెకు ధర్మమాతగా నుండినది సిస్టర్ జెరాల్డిను. రమాబాయి ఆమెను ప్రేమతో ఆజీబాయి, అనగా అవ్వ, యని పిలుచుచుండెను. వారిరువురి నడుమ 1884నుండి 1886వరకు సాగిన లేఖలు చదువదగినవి. చిన్నవారు పెద్దవారి కిచ్చు గౌరవము వానిలో కలదు. చిన్నవారైనను విడువని పట్టుదలయు కలదు. సంఘము యుగయుగములుగా కాపాడిన సత్యమును బిడ్డవలె వినయముతో స్వీకరింపవలెననియు, ప్రతి సిద్ధాంతమును తన బుద్ధితో తూచుట గర్వమనియు జెరాల్డిను మందలించెను. రమాబాయి ఇచ్చిన బదులు సారాంశ మిది: ఒక పురోహిత వర్గము కాడిని ఎంతో ప్రయాసతో మెడనుండి దించుకొంటిని; మరల మరియొక కాడిని కన్నులు మూసికొని ఎత్తుకొనజాలను; నా మనస్సాక్షి దేవుని యెదుట నాది; విధేయత వేరు, బుద్ధిని తాకట్టు పెట్టుట వేరు.

భాషను గూర్చియు వీరికి వాదము జరిగెను. తాను ధరింపవలసిన సిలువపై లాటిను మాట లుండుట ఆమెకు నచ్చలేదు. తనకు గాని, తన దేశ స్త్రీలకు గాని ఆ భాష తెలియదు. లాటినునకు గల పవిత్రత సంస్కృతమునకు లేకుండునా యని యడిగెను. ఆహార నియమములను, కట్టుబొట్టులను సాధ్యమైనంతవరకు తన పూర్వుల పద్ధతినే పాటింతుననియు, తాను హిందూదేశపు స్త్రీగనే యుందుననియు స్పష్టపరచెను. ఇవి అల్ప విషయములుగా తోచవచ్చును. పరభాష నడుమ మాతృభాషను నిలుపుకొనుచున్న వారికి ఇందలి మర్మము వెంటనే బోధపడును. అర్థము కాని భాషలో పలికిన అంగీకారము అంగీకారమగునా యన్నది ఆమె ప్రశ్న.

చెల్టెనాము కళాశాల ప్రధానాధ్యాపకురాలు డొరొథియా బీలు తీరు వేరు. 1882 ప్రాంతమున ఆమెయే తీవ్రమైన విశ్వాస సంక్షోభమును అనుభవించియుండెను. ఆ యనుభవము వృథా పోలేదు. రమాబాయి వంటి మేధకు ఆజ్ఞలతో పని జరుగదనియు, ఆమె ప్రశ్నలకు ప్రశ్నలుగనే విలువనిచ్చి కారణములు చూపవలెననియు, తొందరించినచో ఆమెను పోగొట్టుకొందుమనియు బీలు మఠము వారిని హెచ్చరించెను. తాను సమ్మతించిన సిద్ధాంతమును విడువలేదు. సమ్మతింపని విద్యార్థినిని దూరము చేయలేదు. ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారు ఈ భాగమును శ్రద్ధతో చదువవలెను. పాఠము చెప్పువారికి సంశయపు రుచి తెలిసియుండుట, పాఠము వినువారికి ఎంత మేలు చేయునో ఇందు కానవచ్చుచున్నది.

నెహెమ్యా గోరే తీరు మరియొకటి. ఆయన షడ్దర్శన దర్పణమను గ్రంథమున హిందూ దర్శనములను ఖండించిన తార్కికుడు. అంతటి వాదిని స్వీకృత మతమునందలి సందేహములు తాను బ్రదికినంతకాలము వెంటాడినవి. పాపులకు నిత్య దండనము కలదను సిద్ధాంతము ఆయన మనస్సును చాలకాలము కలచివేసెను. ఆయన సంఘమున గురుపదవి పొంది, 1895లో మరణించువరకు సేవ చేసెను. రమాబాయికి క్రీస్తు దైవత్వమును సమర్థించుచు ఆయన పంపిన వాదములు బలవంతములు. కాని వానితో ఆమె నోరు మూయింప జూడలేదు. తనకు తెలిసిన దారిలోని ముండ్లను చూపుచు తోడి బాటసారితో మాటలాడినట్లు ఆయన వ్రాసెను.

ఈ వివాదమున మిక్కిలి సున్నితమైన అంశము మనోరమ చదువు. తల్లి చెల్టెనాములో నుండగా బిడ్డ వాంటేజిలో సన్న్యాసినుల పోషణమున నుండెను. సంఘ సిద్ధాంతములను ఆ బిడ్డకు నూరిపోయుట తమ కర్తవ్యమని జెరాల్డిను భావించెను. తాను నమ్మజాలని దానిని తన బిడ్డకు సత్యమని నేర్పుటకు రమాబాయి ఒప్పుకొనలేదు. ఆశ్రయమిచ్చి అన్నము పెట్టిన వారితో, పరదేశమున, చేతిలో ధనము లేని విధవ ఇట్లనుట సామాన్యము కాదు. అధికారులతో ఆమెకు సంఘర్షణ కలుగుట ఇది యొకటే సారి కాదు. ఆమె పురుషులకు పాఠములు చెప్పుట తగదని లాహోరు, బొంబాయి బిషప్పులు అడ్డుచెప్పినపుడును ఆమె అట్లే ఎదురు ప్రశ్నించెను. మఠమువారి ఆదరము కోల్పోవుదునను భయమున కపట సమ్మతి తెలిపియున్నచో ఆమె బ్రదుకు సులువుగా సాగియుండెడిది. ఎవరును తప్పుపట్టియుండరు, ఎవరికిని తెలిసియుండెడిది కాదు.

సంశయము తీరువరకు కర్తవ్యమును ఆపవలెనని ఆమె తలపలేదు. ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్యపట్టము పొందు సందర్భమున 1886లో అమెరికాకు పోయి రెండేండ్లకు పైగా పర్యటించి ఉపన్యసించెను. 1887లో ఉన్నత కులపు హిందూ స్త్రీ యను ఆంగ్ల గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరాంతమున బోస్టనులో ఏర్పడిన రమాబాయి అసోసియేషను పదేండ్లపాటు ధనసహాయము చేయుటకు పూనుకొనెను. దానికి అధ్యక్షుడైన ఎడ్వర్డ్ ఎవెరెట్ హేల్ త్రిత్వము నంగీకరింపని యూనిటేరియను శాఖకు చెందినవాడు. ఇతర శాఖలవారును అందు సభ్యులుగా నుండిరి. 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో బాలవితంతువులకై శారదా సదనము తెరవబడెను. అందు మతబోధ నిర్బంధము కాదనియు, ఎవరి ఆచారమును వారు పాటింపవచ్చుననియు నియమము. మతవిషయమున తనకు కావలెనని కోరిన స్వేచ్ఛనే ఆమె తన విద్యార్థినులకు వాగ్దానము చేసెను. తరువాతి కాలమున ధోండో కేశవ కర్వేను వివాహమాడిన గోదూబాయి ఆ సదనపు తొలి విద్యార్థినులలో ఒకతె.

ఇంతవరకు నడిచిన కథ 1891లో మలుపు తిరిగెను. విలియం హాస్లమ్ అను ఆంగ్ల గురువు స్వీయ చరిత్రను ఆమె చదివెను. ఏండ్ల తరబడి వేదికపై బోధించిన పిదప గాని తనకు నిజమైన విశ్వాసము కలుగలేదని ఆ గురువు ఒప్పుకొనియుండెను. ఈ మాట రమాబాయి మనస్సున నాటుకొనెను. తాను ఇన్నాళ్లు క్రైస్తవ మతమును కనుగొంటినే గాని క్రీస్తును కనుగొనలేదని ఆమె గ్రహించినట్లు 1907లో ప్రకటించిన సాక్ష్య గ్రంథమున వివరించెను. త్రిత్వమును గూర్చిన వాదమున ఓడిపోయి ఆమె శాంతి పొందలేదు. పాపక్షమాపణను గూర్చిన అనుభవమున పొందెను. అయినను తొలి యెనిమిదేండ్ల సంశయములను తప్పులుగా చెరిపివేయక, తన యాత్రలో భాగముగనే ఆమె చెప్పికొనెను.

ఈ నిశ్చయము ఫలితముగా కొత్త చిక్కు వచ్చెను. 1890లో సదనము పుణెకు మారియుండెను. రమాబాయి తన గది తలుపు తెరచియుంచి ప్రార్థన చేసికొనగా బాలికలు కొందరు వచ్చి కూర్చుండసాగిరి. క్రమముగా కొందరు ఆ మతమువైపు మొగ్గిరి. నిష్పాక్షికత యను మాట మీరబడినదని కేసరి పత్రిక తీవ్రముగా విమర్శించెను. 1893లో సంరక్షకులు పలువురు బాలికలను తీసికొనిపోయిరి. రానడే, భండార్కరు వంటి సంస్కర్తలు సలహాసంఘమునుండి తొలగిరి. ఎవరిని బలవంతపెట్టలేదనియు, తన ఇంట తాను ప్రార్థించు హక్కు తనకు కలదనియు రమాబాయి సమాధానము. ఆ మాట నిజమే. అయినను సంస్థాపకురాలి తెరచిన తలుపు దిక్కులేని బాలికకు మౌనాహ్వానమగునను సంరక్షకుల శంకయు నిజాయితీ గలదే. వాంటేజిలో తన బిడ్డ చదువును గూర్చి తల్లిగా రమాబాయి వేసిన ప్రశ్నయే, పదేండ్లు తిరుగకమునుపే, పుణెలో ఆమె యెదుటికి తిరిగి వచ్చెను. ఆమెపై గౌరవముతో ఈ విషయమును మరుగుపరచుట ఆమె యిచ్చిన పాఠమునకే విరుద్ధము.

1896-97 క్షామము ఆమెను తన బాల్యపు ఆకలికి మరల ముఖాముఖి నిలిపెను. మధ్యపరగణాలకు పోయి వందలాది స్త్రీలను, బాలికలను వెంటబెట్టుకొని వచ్చి కేడ్‌గావ్‌లో చేర్చెను. అదియే ముక్తి సదనము. 1900 క్షామము తరువాత అచ్చటి సంఖ్య రెండు వేలకు చేరువయ్యెను. వ్యవసాయము, నేత, ముద్రణము మొదలగు పనులు వారికి నేర్పబడినవి. నాటి నిజాము రాజ్యమందలి గుల్బర్గాలో 1912లో బాలికలకై పాఠశాల తెరవగా మనోరమ దాని నిర్వహణము చూచెను. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు కలిసి వినబడు ఆ సీమలో ఈ కుటుంబపు సేవకు అది గుర్తు.

అవసానకాలమున రమాబాయి చేసిన మహాకార్యము బైబిలు మరాఠీ అనువాదము. దీనికై ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చెను. అప్పటికి వాడుకలో నున్న అనువాదమున సంస్కృత పదములు మిక్కుటమనియు, అవి చదువురాని స్త్రీలకు తెలియవనియు, కొన్ని పదములు ఇతర దర్శనముల అర్థములను మోసికొని వచ్చుననియు ఆమె భావించెను. సంస్కృతమున సరస్వతి యనిపించుకొన్న స్త్రీ సంస్కృతమును విడిచి, కూలినాలి చేసికొను ఆడువారి మాటలలో గ్రంథమును కూర్చెను. యౌవనమున లాటిను సిలువను కాదనిన బుద్ధియే వృద్ధాప్యమున ఈ పని చేయించినది. అర్థము కాని దానిని నమ్ముమని తన్ను బలవంతపెట్టరాదన్నది నాటి మాట; అర్థము కాని దానిని ఇతరుల నెత్తిన రుద్దరాదన్నది నేటి చేత. 1921లో మనోరమ మరణించెను. మరుసటి సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన రమాబాయియు కన్నుమూసెను. అనువాదము ఆమె మరణానంతరము 1924లో వెలువడెను.

రమాబాయి సంశయములను పరిశీలించినపుడు కొన్ని లక్షణములు స్పష్టపడుచున్నవి. తాను దేనిని నమ్ముచున్నది, దేనిని నమ్మజాలకున్నది ఆమె హద్దులు గీచి చెప్పెను. ఒక సిద్ధాంతమున సందేహము కలిగినంతనే అన్నియు అసత్యములనలేదు. చెప్పవలసినవారి యెదుటనే చెప్పెను, చాటున పరిహసింపలేదు. సందేహించుచునే బైబిలు చదువుట మానలేదు, ప్రార్థన మానలేదు, దీనజనుల సేవ మానలేదు. తీరిన సంశయమును తీరినదని చెప్పుటకును వెనుదీయలేదు. సంశయమును పట్టుకొని వ్రేలాడుటయు ఒక విధమగు మొండితనమే గదా. విశ్వాసమును నటించుట ఎంత కపటమో, ఇతరుల మెప్పుకై సంశయమును నటించుట అంత కపటము. ఈ రెండును లేకుండుటచేతనే ఆమె సంశయమునకు గౌరవము, తరువాతి విశ్వాసమునకు బరువు చేకూరినవి.

మరియొక సంగతిని చెప్పక ఈ వ్యాసమును ముగించుట న్యాయము కాదు. రమాబాయి సంశయములు నేడు లోకమునకు తెలిసినవన్న, అందులకు కారకురాలు సిస్టర్ జెరాల్డిను. రమాబాయి లేఖలను, తన లేఖలను ఆమె భద్రపరచి, వరుసగా కూర్చి పెట్టెను. వానిలో తన మందలింపులకు శిష్యురాలు ఇచ్చిన ఘాటైన బదులులును కలవు. తన పక్షము నెగ్గని చోటులును కలవు. ఆ లేఖలు ఎ. బి. షా సంపాదకత్వమున 1977లో బొంబాయిలో గ్రంథరూపమున వెలువడినవి. సంశయమును పాపమని తలచిన ఆ వృద్ధ సన్న్యాసిని ఒక్క అగ్గిపుల్లతో ఆ కాగితములను బూడిద చేయగలిగియుండెను. చేయలేదు. మాట వినని బిడ్డ మాటలనుగూడ అవ్వ దాచిపెట్టినట్లు దాచిపెట్టెను.